నా వేళ్ళు అబద్ధమాడవు

1986 జూన్ 9, సోమవారం

కొత్త సంవత్సరానికి కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ బియ్యం డబ్బాకు మూతగా పనికొచ్చింది. ఇవాళ దుమ్ము దులిపి రాయడం మొదలుపెట్టాను. పెద్ద కారణం ఏమీ లేదు, ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు, అంతే.

అనసూర్య శుక్రవారం నుంచి నాతో మాటలు బంద్ చేసింది. అన్నం పెడుతుంది. "తినేటోళ్ళు తినచ్చు" అని పొయ్యికి చెబుతుంది. "పోయేటోళ్ళు గొడుగు పట్టుకపోతె మంచిది" అని తలుపుకు చెబుతుంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. పొయ్యి, తలుపు తర్వాతే నా లెక్క అని ఇప్పుడు తెలిసింది.

తప్పు నాది కాదు. శంకరవ్వ కట్టలు నాలుగు తీసేశాను. వదులుగా ఉన్నాయి, తీసేశాను. బీడీ కార్ఖానాలో చెకర్ పనే అది. ఆడవాళ్ళు ఇళ్ళల్లో చుట్టి తెచ్చిన కట్టలు నా ముందు పోస్తారు. నేను ఒక్కో కట్టను చేతిలోకి తీసుకుని, నొక్కి చూసి, బాగున్నది ఇటు, బాగాలేనిది అటు వేస్తాను. అటు పడ్డ కట్టకు కూలి రాదు. కట్ట కూడా తిరిగి ఇవ్వము. పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను. కళ్ళు మూసుకుని పట్టుకున్నా ఇది ఫలానా ఆమె చెయ్యి అని చెప్పగలను. మా మేనేజరు జలపతిరావు సారు కొత్తవాళ్ళెవరొచ్చినా నన్ను చూపించి "గీ కైలాసం వేళ్ళు తక్కెడ లెక్క" అంటాడు.

శంకరవ్వ మా పక్కింటి ఆమె. మగడు బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాల కంపెనీలో ఉంటాడు. ఆమె, అనసూర్య ఒకే అరుగు మీద కూర్చుని, ఒళ్ళో చాటలు పెట్టుకుని పొద్దంతా బీడీలు చుడతారు. వీళ్ళ ఇంట్లో ఉప్పు అయిపోతే వాళ్ళ ఇంట్లో డబ్బా మూత లేస్తుంది. అందుకే నా మీద ఈ అలక. స్నేహం వేరు, పని వేరు అని వీళ్ళకు ఎప్పుడు తెలుస్తుందో.

జూన్ 11

జలపతిరావు సారు గదిలోకి పిలిచి తలుపు దగ్గరికేశాడు. చాయ్ కూడా తెప్పించాడు. చాయ్ వచ్చిందంటే పని పెద్దదే.

"కైలాసం, సర్కారు కొత్త పరేషాన్ తెచ్చింది. బీడీలు జేసేటోళ్ళకు పీఎఫ్ కార్డులియ్యాలెనట. వాళ్ళ కూలిల నెలనెల కొంత ఆగుతది, గంతే కంపెనీ కలపాలె. ముసలితనంల తీసుకుంటరట. దవాఖాన, పిల్లల సదువు పైసలు, అన్ని గా కార్డు మీదనే."

"మంచిదే గద సార్."

"మంచిదే. మన కార్ఖానాల నూట అరవై రెండు మందికి మంచి చేస్తె, సేటు మనిద్దరికి చెడు చేస్తడు."

సంగతేమంటే, తొంభై పేర్లే పోవాలి. ఎవరివి ఎక్కువ కట్టలు తీసేశానో వాళ్ళు కచ్చా పనివాళ్ళు, వాళ్ళకు కార్డు లేదు. మిగిలినవాళ్ళు పక్కా. దసరాలోపు ఆ జాబితా నేనే రాయాలి. నా వేళ్ళు చెప్పాక లేబర్ ఆఫీసరు కూడా నోరెత్తడట.

లక్సెట్టిపేటలో కొత్త కార్ఖానా పెడుతున్నారు. జాబితా సక్రమంగా అయితే అక్కడ నేనే పెద్ద. నెల జీతం! ఇప్పుడు నాది వెయ్యి బీడీలకింత అని కమీషను. వాన పడి ఆకు రాకపోతే నాకూ ఏమీ రాదు. నెల జీతం మాట అనసూర్యకు చెబుదామని పరిగెత్తినట్టు ఇంటికొచ్చాను. ఆమె పొయ్యితో మాట్లాడుతోంది.

జూన్ 13

శంకరవ్వవి ఆరు కట్టలు తీసేశాను. నిజంగానే వదులు.

జూన్ 18

ఈ పూట కార్ఖానాలో కొంచెం గొడవ.

శంకరవ్వ కట్టలు చూస్తుంటే ఆమె కొంగు నడుముకు చుట్టి నిలబడింది. ఆమె వయసు నాకంటే నాలుగైదేళ్ళు ఎక్కువ, నన్ను తమ్మీ అంటుంది. గట్టి గొంతు. వెనక ముప్పై మంది వరుసలో ఉన్నారు.

"తమ్మీ, మా బీడీలు నువ్వు సూస్తవు. మంచిదే. నీ వేళ్ళను ఎవలు సూస్తరు?"

వెనక ఉన్నవాళ్ళంతా నవ్వారు. కొందరు మరీ ఎక్కువ నవ్వారు. ఏడు కట్టలు తీసేశాను.

ఉగాది ముందు కూడా ఇట్లాగే అందరిలో అడిగింది, తీసేసిన కట్టలు ఎక్కడికి పోతాయి అని. అవి ఎక్కడికి పోతాయో నేను ఎన్నడూ అడగలేదు. నా పని తీయడం వరకే. ఆ మాట నేను మనసులో పెట్టుకోలేదు. మనసులో పెట్టుకునే మనిషిని కాను.

జూన్ 19

మనసులో పెట్టుకోలేదు.

జూన్ 30

జాబితా మొదలుపెట్టాను. మొదటి పేరు అనసూర్య. భార్య అని కాదు, నూట అరవై రెండు మందిలో అంత బిగువైన చెయ్యి లేదు. పద్నాలుగేళ్ళలో ఆమెవి పది కట్టలు తీసి ఉంటానేమో. అది కూడా ఆమె జ్వరంలో చుట్టినప్పుడు.

జులై 8

అనసూర్య మాట్లాడింది! పొద్దున చెంబు అందిస్తూ "నిన్న నా కట్టలెట్లున్నయి?" అంది. ముప్పై రెండు రోజుల తర్వాత నాతోనే, నా ముఖం చూసి. సంతోషంతో చెంబు వదిలేశాను. పాదం మీద పడింది.

"మస్తున్నయి. ఒక్కటి తియ్యలే."

"శంకరక్కయి?"

"ఎనిమిది."

"గట్లనా" అని లోపలికి పోయింది. కోపం రాలేదు. ఆడవాళ్ళకు ఆలస్యంగానైనా బుద్ధి వస్తుంది.

రాత్రి సర్వపిండి చేసింది. అంచు కరకరలాడింది, నువ్వులు దండిగా వేసింది.

జులై 15

అనసూర్య రోజూ అడుగుతోంది, ఇవాళ నా కట్టలెట్లున్నయి, శంకరక్కయి ఎట్లున్నయి అని. నా పని మీద ఇన్నాళ్ళకు గౌరవం కుదిరింది. నేనూ వివరంగా చెబుతున్నాను, జాబితా సంగతితో సహా.

ఇద్దరూ అరుగు మీద ఒకటే నవ్వు. మేక దండెం మీది లుంగీ తిన్నదట, అందుకని చెప్పారు. మేక లుంగీ తింటే వారం రోజులు నవ్వుతారా?

జులై 24

అనసూర్య చెయ్యి ఇంకా నాణెంగా తయారైంది. ఇవాళ ఒక కట్ట అందుకుంటే కింద పెట్టబుద్ధి కాలేదు. బీడీలన్నీ ఒకే ఎత్తు, మూతులన్నీ ఒకే మడత. తీసుకుపోయి మేనేజరు సారు బల్ల మీద పెట్టాను. ఆయన "కొత్తగ వచ్చేటోళ్ళకు గిది సూపెట్టు" అని అద్దాల అలమారలో పెట్టించాడు.

శంకరవ్వవి తొమ్మిది తీశాను. ఆమె చెయ్యి పాడవుతోంది. వయసు కాబోలు.

శంకరవ్వ ఈమధ్య ఏమీ అనడం లేదు. తీసేసిన కట్టల వైపు చూసి, పెదవి కొరుక్కుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని పోతుంది. ఏడుపు ఆపుకుంటోందని జాలేసింది. నేను రాతి మనిషిని కాను.

ఆగస్టు 16

గోదావరి ఉప్పొంగింది. అవతలికి బస్సులు బంద్. ఆకు లారీ రాలేదు, వారం నుంచి కార్ఖానా మూత. నాకు కమీషను లేదు, వాళ్ళకు కూలి లేదు. అనసూర్య, శంకరవ్వ కలిసి ఒకే పొయ్యి మీద జొన్న గట్క వండారు. అందరం ఒకచోట తిన్నాం. శంకరవ్వ నాకు రెండోసారి వడ్డించి "తిను తమ్మీ, గట్క వదులుగున్నదని తీసేసేవు" అంది. అనసూర్యకు నవ్వి నవ్వి పొలమారింది. నేను కూడా నవ్వాను. కొంచెం.

సెప్టెంబర్ 5

శంకరవ్వ, ఇంకో పది మంది బస్సెక్కి పోయి లేబర్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చారట. తీసేసిన లెక్క చూపి కార్డులు ఆపొద్దని. ఈ నెల 29న ఆఫీసరు కార్ఖానాకు వస్తాడు. మేనేజరు సారు నాతో "ఫికర్ జెయ్యకు, నీ వేళ్ళున్నయి గద" అన్నాడు. నేను ఫికర్ చేయడం లేదు.

సెప్టెంబర్ 15, సోమవారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబర్ 16

రాస్తాను. రాయకపోతే తల పగిలేట్టుంది.

నిన్న జాబితా పూర్తయింది. తొంభై పేర్లు, నల్ల సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా. సాయంత్రం అరుగు మీద కూర్చుని అనసూర్యకు చదివి వినిపించాను. మొదటి పేరు ఆమెదే కదా, మురిసిపోతుందనుకున్నాను. తొంభై పేర్లూ విని "శంకరక్క పేరేది?" అంది.

"నేనేం జెయ్యాలె. గా లెక్క సూడు. జులై నుంచి రోజు ఎనిమిది, తొమ్మిది, పది. గంత కచ్చ పనికి కార్డెట్ల వస్తది?"

"అయితె నా పేరు కొట్టెయ్యి."

"పిచ్చా నీకు? నీ కట్టలకు ఏమైంది? అద్దాల అలమారల పెట్టినం."

అనసూర్య చాట పక్కన పెట్టింది. గోడ అవతలికి "అక్కా, ఇగ చెప్పాలె, రా" అని కేకేసింది. శంకరవ్వ దారపుండ చేతిలో పట్టుకునే వచ్చింది. ఇద్దరూ నా ఎదుట కూర్చున్నారు. పెళ్ళిచూపులకు వచ్చినట్టు.

అనసూర్య చెప్పింది. జులై ఏడో తారీఖు నుంచి వాళ్ళిద్దరూ కట్టలు మార్చుకుంటున్నారు. శంకరవ్వ చుట్టినవి అనసూర్య తన పేరు మీద తెస్తుంది. అనసూర్య చుట్టినవి శంకరవ్వ తెస్తుంది. పోయిన కూలి నష్టం ఇద్దరూ సగం సగం పంచుకుంటారు.

"నువ్వు పట్టుకుని ఊగింది శంకరక్క కట్ట. నువ్వు రోజు తీసేసినయి నా కట్టలు."

"అబద్ధం" అన్నాను.

"నేనబద్ధమాడుత కావచ్చు. ముడి అబద్ధమాడతదా? నేను దారం ఎడమ దిక్కు ముడేస్త. శంకరక్క కుడి దిక్కేస్తది. పెండ్లయినప్పటి సంది జూస్తున్నవు, ఎన్నడన్న సూసినవా?"

నేను చూడలేదు. నాకు ముడితో పనేంటి, వేళ్ళుండగా.

వెలుతురు సరిగా లేదన్నాను. ఈ మధ్య తంబాకు నాసిరకమన్నాను. వానకు ఆకు మెత్తబడిందన్నాను. శంకరవ్వ పాపం అన్నిటికీ తల ఊపింది. చివరికి "తమ్మీ, జర నీళ్ళు తాగు" అంది.

ఇవాళ పొద్దున అందరికంటే ముందు కార్ఖానాకు పోయాను. అద్దాల అలమార తీశాను. ఆ కట్ట అక్కడే ఉంది. ముడి కుడి వైపు.

సెప్టెంబర్ 17

జాబితాలో తొంభై ఒకటో పేరు రాశాను. శంకరవ్వ. అడుగున కొంచెం చోటుంటే ఇరికించాను. ఇంతటితో పీడ పోయింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఒక్క శంకరవ్వ విషయంలో వేళ్ళు తప్పాయి. మనిషన్నాక ఒక్క తప్పు.

అనసూర్యకు చూపించాను. ఆమె చదివి నా చేతిలోనే పెట్టేసింది.

"మంచిగున్నది. మిగిలిన డెబ్బై ఒక్క మందియి ఎవలు మార్చి తెచ్చిండ్రు నీకు?"

సెప్టెంబర్ 18

నిద్ర పట్టలేదు. ఆ డెబ్బై ఒక్క మంది ముఖాలు ఒక్కొక్కటీ తలుచుకున్నాను. ఒకామె నన్ను సారు అనదు. ఒకామె మగడు చాయ్ హోటల్లో నా మీద జోకులు వేస్తాడు. ఒకామె ఎప్పుడూ చంకలో ఏడ్చే పిల్లతో వస్తుంది, నాకు ఆ ఏడుపు పడదు. కట్టలు గుర్తొస్తాయేమో అని చూశాను. ఒక్కరి కట్టా గుర్తు రాలేదు. అన్నీ ముఖాలే.

పద్నాలుగేళ్ళు. సిగ్గుగా ఉంది.

పొద్దున కొత్త కాగితాలు తెచ్చి నూట అరవై రెండు పేర్లు రాశాను. సిరా అయిపోతే అనసూర్య శంకరవ్వ ఇంటి నుంచి పెన్ను తెచ్చింది.

సెప్టెంబర్ 19

మేనేజరు సారు జాబితా చూశాడు. లెక్కపెట్టాడు. నాలుగు ముక్కలు చేశాడు. కోపగించలేదు, అదే నాకు అర్థం కాలేదు. చాయ్ తెప్పించాడు.

"నీకు దిమాక్ ఖరాబైందా కైలాసం? జాబితా నా దగ్గరున్నది, నేనే రాసుకున్న. 29న నువ్వు ఆఫీసరు ముందట కూసొని, ఎప్పుడు చెప్పేదే చెప్పు. నా వేళ్ళు తప్పవు, అంతె. దసరా కాంగనె లక్సెట్టిపేటకు పోదువు."

లేస్తూ లేస్తూ ఒక మాట అడిగాను. ఎందుకడిగానో తెలీదు. "సార్, ఆడ నాకు పీఎఫ్ ఉంటదా? ఈ పద్నాలుగేండ్లది గూడ కలుస్తదా?"

ఆయన గట్టిగా నవ్వి నా భుజం తట్టాడు. "నీకెందుకయ్య పీఎఫ్? నువ్వు పనోనివా? నువ్వు మా మనిషివి!"

నువ్వు మా మనిషివి అన్నాడు! భుజం మీద చెయ్యి వేసి మరీ.

అదే రోజు, సాయంత్రం

పొద్దునంతా ఆ మాటకు ఉబ్బిపోయి తిరిగాను. మధ్యాహ్నం అన్నం ముద్ద చేతిలో ఉండగా అర్థమైంది. కంపెనీ పుస్తకాల్లో నా పేరు ఎక్కడా లేదు. పనివాళ్ళలో లేదు, ఆఫీసు వాళ్ళలో లేదు. నూట అరవై రెండు మందిలో ఎవరు ఉండాలో ఎవరు పోవాలో నేను రాస్తున్నాను. నేను మాత్రం ఏ కాగితం మీదా లేను. రేపు ఈ వేళ్ళు వంకర్లు పోతే నన్నెవరు చూస్తారు?

అనసూర్యకు చెప్పాను. పకపకా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ముద్ద చల్లారిపోతోంది తినమంది.

సెప్టెంబర్ 25

నెల జీతం. లక్సెట్టిపేట. నెల జీతం. ఒక్క మాట చెబితే చాలు. అది అబద్ధం కూడా కాదు, పద్నాలుగేళ్ళు నేను నిజంగా నమ్మిన మాటే.

సెప్టెంబర్ 28

రేపే. అనసూర్య ఏమీ అడగలేదు. అడిగితే పోట్లాడవచ్చు.

సెప్టెంబర్ 29, సోమవారం

లేబర్ ఆఫీసరు చిన్నవాడు. కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా. కార్ఖానా ఆవరణలో బల్ల వేశారు. ఒక పక్క మేనేజరు సారు, నేను. ఎదురుగా ఆడవాళ్ళంతా నేల మీద.

మేనేజరు సారు మొదలుపెట్టాడు. "సార్, మా దగ్గర ఎవలకు అన్యాయం లేదు. గీ కైలాసం వేళ్ళు తక్కెడ లెక్క. పద్నాలుగేండ్ల సంది ఒక్క కట్ట తప్పు తియ్యలే. అడుగుండ్రి."

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "నిజమేనా?"

నా ఎదురుగా అనసూర్య, పక్కన శంకరవ్వ. నిజమే సార్ అంటే రెండు మాటలు. లేచి నిలబడ్డాను.

"సార్, నా కండ్లకు గంతలు కట్టి సూడుండ్రి" అన్నాను.

మేనేజరు సారు సంతోషంగా "కట్టుండ్రి, కట్టుండ్రి!" అన్నాడు. నేను గెలుస్తాననే ఆయన నమ్మకం. నిజం రాసుకోవాలి కదా, నాకూ అప్పుడు గెలవాలనే ఉంది. లోపల ఏదో మూల, ముడి సంగతి ఎట్లా ఉన్నా ఇవాళ చూడండి నా వేళ్ళు అనే ఉంది. కుక్క తోక వంకర అని ఊరికే అనలేదు.

తువ్వాలతో గంతలు కట్టారు. ఆఫీసరు పది మంది ఆడవాళ్ళవి రెండేసి కట్టలు కలిపి నా ముందు పెట్టించాడు. ఇరవై. ఒక్కొక్కటి నొక్కి చూశాను, తడిమాను, వాసన కూడా చూశాను. ఆరు తీసేశాను. ఇదిగో, ఇంకో ఇరవై అన్నారు. అవీ చూశాను. ఏడు తీసేశాను. రెండోసారి వచ్చినవి ఇంకా కచ్చాగా ఉన్నాయని ఆఫీసరుకు చెప్పాను కూడా.

ఆవరణంతా గొల్లుమంది. గంతలు విప్పారు. రెండోసారి పెట్టినవీ ఆ ఇరవై కట్టలే. ఆ ఉపాయం శంకరవ్వదట, ఆఫీసరు చెవిలో చెప్పిందట. మొదటిసారి నేను తీసేసిన ఆరింటిలో రెండోసారి కూడా తీసేసినవి రెండే. ఆ రెండూ అనసూర్యవి.

అనసూర్య లేచి నడుము మీద చేతులు పెట్టుకుంది. "మొఖం కనవడకపోతె నన్నే దొరికిచ్చుకున్నడు!" అంది. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను. ఆపుకోలేకపోయాను. పద్నాలుగేళ్ళ బరువు ఏదో నెత్తి మీద నుంచి దిగినట్టు నవ్వాను.

ఆఫీసరు రాసిపోయాడు. తీసేసిన లెక్కకు, కార్డుకు సంబంధం లేదు. బీడీలు చుట్టే ప్రతి మనిషి పేరూ ఎక్కాలి. నూటికి ఐదుకు మించి తీయడానికి వీల్లేదు. ఇక నుంచి చెకర్ పక్కన ఆడవాళ్ళు ఎన్నుకున్న ఇద్దరు కూర్చోవాలి.

సెప్టెంబర్ 30

నన్ను రావద్దన్నారు. చాయ్ లేదు.

అక్టోబర్ 8

పని కోసం తిరిగాను. రైసు మిల్లు, బట్టల దుకాణం, సినిమా హాలు. మీకేం పని వచ్చు అని అడుగుతారు. నొక్కి చూడటం వచ్చు అని చెప్పలేను కదా.

వీధిలో బతుకమ్మ ఆడుతున్నారు. అనసూర్య, శంకరవ్వ తంగేడు పూలు పేర్చడంలో మునిగి, అన్నం సంగతి పొయ్యికి కూడా చెప్పలేదు. నేనే వడ్డించుకున్నాను.

అక్టోబర్ 15

అనసూర్య నా ముందు ఒక చాట పెట్టింది. అందులో కత్తెర, తడిపిన ఆకు, తంబాకు.

"మగోడు బీడీలు చుడతడా?" అన్నాను.

"మగోడు బీడీలు తాగుతడు గద" అంది.

మొదటి బీడీ నా చిటికెన వేలంత లావు వచ్చింది. రెండోది మూతి విచ్చుకుని మల్లెపూవైంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పదమూడు బీడీలు. నడుము విరిగింది, మెడ పట్టేసింది, గోరు చీలింది. తంబాకు ఘాటుకు కళ్ళలో నీళ్ళు. వీళ్ళు రోజూ వెయ్యి చుడుతూ, మధ్యలో వంట చేస్తూ, మళ్ళీ నవ్వుతూ ఉంటారు. నేను రోజూ ఒక్క వేటుతో అటు విసిరేసినది ఇదా!

నవంబర్ 3

దీపావళి పోయింది. రోజుకు రెండు వందల బీడీలకు వచ్చాను. చాయ్ హోటల్లో నన్ను చూసి "కైలాసవ్వా" అంటున్నారు. నేను "ఏంది బిడ్డా" అని పలుకుతున్నాను. వాళ్ళకే విసుగొచ్చింది.

నవంబర్ 17

నా కట్టలు మొదటిసారి నేనే కార్ఖానాకు తీసుకుపోయాను. వరుసలో చివర నిలబడ్డాను. కొత్త చెకర్ పక్కన శంకరవ్వ, ఇంకో ఆమె కూర్చుని ఉన్నారు. కొత్తవాడు నా కట్టలన్నీ ఇటే వేశాడు, పాత మనిషినని మొహమాటం. శంకరవ్వ చెయ్యి చాపి ఒకటి తీసి నా చేతికే తిరిగి ఇచ్చింది.

"గిది వదులున్నది తమ్మీ. ఇప్పి మల్ల చుట్టుకరా."

పోట్లాడదామని నొక్కి చూశాను. వదులుగానే ఉంది. అక్కడే ఒక మూల కూర్చుని విప్పి మళ్ళీ చుట్టాను. ఈసారి ఇటు పడింది.

డిసెంబర్ 22, సోమవారం

కార్డులు వచ్చాయి. పీఎఫ్ ఆఫీసు మనిషి బల్ల మీద పరిచి ఒక్కొక్క పేరు పిలుస్తుంటే, ఆడవాళ్ళు పెళ్ళికి వచ్చినట్టు తలలు దువ్వుకుని వచ్చారు. అనసూర్యది నాలుగో నంబరు. నేను ఆమెకు తోడుగా పోయాను. గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాను. నూట అరవై రెండు అయిపోయింది. చంకలో పిల్ల ఉన్న ఆమె కార్డు తీసుకుని, ఏడుస్తున్న పిల్లకు అదే చూపించి ఊరుకోబెట్టింది. ఇక ఇంటికి పోదామని చెప్పులు వేసుకుంటున్నాను.

"నూట అరవై మూడు. కైలాసం, తండ్రి రాజమల్లు."

ఎవరో ఇంకో కైలాసం అనుకున్నాను. మా బాపు పేరు కూడా అదే అని కాసేపటికి తట్టింది. అనసూర్య వెనక నుంచి తోసింది. సంతకం పెట్టి తీసుకున్నాను. గట్టి అట్ట, గుండ్రటి ముద్ర. పని అన్న చోట "బీడీ కార్మికుడు" అని ఉంది. నలభై రెండేళ్ళలో నా పేరు పనివాళ్ళ పుస్తకంలోకి ఎక్కడం ఇదే మొదటిసారి. మా బాపు యాభై ఏళ్ళు మగ్గం నేసి పోయాడు, ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఈ కార్డు మీద నా పేరు పక్కన ఉంది.

పేర్లు రాయించింది శంకరవ్వ అని ఆఫీసు మనిషి చెప్పాడు. బయట ఆమె ఆగి ఉంది.

"అక్కా, నేను నీ పేరు రాయలే. నా మొఖం సూసి నా పేరెట్ల రాయబుద్ధయింది నీకు?"

శంకరవ్వ తన కార్డు కొంగున ముడి వేసుకుంటూ అంది.

"నీ మొఖం ఎవలు సూసిండ్రు తమ్మీ? బీడీలు చుట్టేటోళ్ళు ఎవలెవలని అడిగిండ్రు. చుడుతున్నవు గద, జెప్పిన."

అని నడిచిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అనసూర్య ఏమైందని అడిగితే తంబాకు ఘాటు అన్నాను. చేతిలో తంబాకు లేదు, ఆమె చూసింది. ఇద్దరం కార్డులు పట్టుకుని నడిచి ఇంటికొచ్చాం. రేపటికి ఆకు ఇప్పుడే తడపాలి.